గ్రాఫ్ ఆగిపోతే గట్టు పట్టుకుని పైకి నడవాలి

నమస్కారం అండీ. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఇవాళ స్లైడ్లు తక్కువ, టెర్మినల్ ఎక్కువ, అక్షరాలు చిన్నగా ఉంటాయి, అక్కడి నుంచి కనిపించవు.

మాది దివిసీమ. కృష్ణా కాలువలకు చివర్లో ఉండే ఊళ్లు, శివారు ఆయకట్టు అంటారు. శివారు రైతుకు నీళ్లు రాకపోతే ఏం చేస్తాడో నేను చిన్నప్పటి నుంచి చూశాను. తన పొలం బోదె దగ్గర కూర్చుని మట్టి తవ్వుకుంటూ ఉండడు, గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. పైన తూము దగ్గర నీళ్లున్నాయా? ఉంటే అడ్డం ఆ తూముకీ తన పొలానికీ మధ్యలో ఎక్కడో ఉంది, లేకపోతే ఇంకా పైకి, లాకుల దాకా వెళ్లాలి. డేటాబేస్ మానిటరింగ్ పాడైనప్పుడు చేయాల్సింది కూడా ఇదే. కానీ మనలో చాలామంది గీతలు గీసి చూపించే గ్రాఫానా ముందు కూర్చుని, ప్యానెల్ ఎడిట్ చేసి, క్వెరీ మార్చి, రిఫ్రెష్ కొట్టి, డ్యాష్‌బోర్డు డిలీట్ చేసి మళ్లీ ఇంపోర్ట్ చేసి రాత్రంతా గడిపేస్తాం. గ్రాఫానా శివారు పొలం అండీ. నీళ్లు అక్కడ పుట్టవు.

నేను ఇవాళ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీదే మాట్లాడతాను, పద్నాలుగేళ్లుగా నా పని దాంతోనే కాబట్టి. మై‌ఎస్‌క్యూఎల్ వాళ్లకు కూడా దారి ఇదే, పోర్టు నంబర్లు మారతాయి అంతే.

ముందు దారి ఏంటో చూద్దాం. పైన పోస్ట్‌గ్రెస్ ఉంది, 5432 పోర్టులో. దాని పక్కన పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌పోర్టర్ అనే చిన్న ప్రోగ్రాం, 9187లో. అది మామూలు యూజర్‌లాగా డేటాబేస్‌లోకి లాగిన్ అయి, పీజీ స్టాట్ అని మొదలయ్యే వ్యూలు చదివి, ఆ అంకెలను ఒక వెబ్ పేజీలా పెడుతుంది. సర్వర్ డిస్కు, మెమరీ, సీపీయూ చూడటానికి నోడ్ ఎక్స్‌పోర్టర్, అది 9100లో. ఈ పేజీలను ప్రొమిథియస్ వచ్చి చదివి దాచుకుంటుంది, దాని పోర్టు 9090. దాన్ని గ్రాఫానా అడిగి గీతలు గీస్తుంది, 3000లో. ఫోన్ మోగించే పని అలర్ట్‌మేనేజర్‌ది, 9093.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోండి. ప్రొమిథియస్ దగ్గరికి ఎవరూ డేటా పంపరు, అదే వెళ్లి తెచ్చుకుంటుంది. ఈ సంగతి మర్చిపోయి డేటాబేస్ సర్వర్ నుంచి ప్రొమిథియస్ వైపు ఫైర్‌వాల్ తెరిచి, "అంతా ఓపెన్ చేశాం సార్, ఇంకా రావట్లేదు" అనే టీములను నేను చాలా చూశాను. తెరవాల్సింది ఎదురు దిక్కు. ప్రొమిథియస్ నుంచి డేటాబేస్ సర్వర్‌లో 9187 పోర్టుకు దారి కావాలి.

సరే, అర్ధరాత్రి ఫోన్ మోగింది, డ్యాష్‌బోర్డు అంతా "నో డేటా". ఎక్కడ మొదలుపెడతారు? నేనైతే సరిగ్గా మధ్యలో మొదలుపెడతాను. ప్రొమిథియస్ ఉన్న మెషిన్‌లోకి లాగిన్ అయి, అక్కడి నుంచి ఎక్స్‌పోర్టర్ పేజీకి కర్ల్ కొడతాను, టెర్మినల్‌లోనే వెబ్ పేజీ తెచ్చి చూపించే కమాండ్ అది. ఎక్స్‌పోర్టర్ ఉన్న మెషిన్‌లో లోకల్‌హోస్ట్‌కు, అంటే ఆ మెషిన్‌కే, కొట్టి "వస్తోంది కదా" అనుకుంటే ఏమీ తేలదు, ఎందుకంటే ప్రొమిథియస్ నడిచే దారి అది కాదు. ప్రొమిథియస్ మెషిన్ నుంచే కొట్టాలి. డేటాబేస్ అంకెలు వచ్చాయా, పై సగం బాగుంది, అడ్డం కింద ఉంది. రాలేదా, గ్రాఫానా ట్యాబ్ మూసేయండి, దానితో ఇప్పుడు పని లేదు. ఈ ఒక్క కర్ల్‌తో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ఆ తర్వాత ప్రొమిథియస్‌లో టార్గెట్స్ పేజీ, అది ఎవరెవరి దగ్గరికి వెళ్లి చదువుతోందో చూపించేది. ఆ పేజీలో ఎర్రగా కనిపించే వాక్యాన్ని పూర్తిగా చదవండి. ఎర్ర రంగు చూడగానే సర్వర్ రీస్టార్ట్ చేసేవాళ్లు ఉన్నారు, అలా చేస్తే ఆ రోజుకు పోయిందనుకున్నది మళ్లీ వచ్చే వారం వస్తుంది. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే ఆ మెషిన్ దాకా వెళ్లాం, తలుపు కొట్టాం, ఆ పోర్టులో వినేవాళ్లు ఎవరూ లేరు. ఎక్స్‌పోర్టర్ ఆగిపోయి ఉండాలి, లేదా అది లోకల్‌హోస్ట్‌లో మాత్రమే వింటూ ఉండాలి, లేదా డాకర్ గొడవ. ప్రోగ్రాంను ఒక విడి పెట్టెలో పెట్టి నడిపేది డాకర్, ఆ పెట్టెను కంటైనర్ అంటారు. డాకర్ కంటైనర్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మీ సర్వర్ కాదు. గ్రాఫానాలో డేటా సోర్స్ అడ్రస్ లోకల్‌హోస్ట్ 9090 అని ఇస్తే గ్రాఫానా తనలో తనే వెతుక్కుంటుంది, దొరకదు. డాకర్ కంపోజ్‌లో సర్వీసుకు పెట్టిన పేరు ఇవ్వాలి. కొత్తగా సెటప్ చేసేవాళ్లలో దాదాపు ప్రతి ఒక్కరికీ మొదటి రోజు తగిలే రాయి ఇది.

"నో సచ్ హోస్ట్" అంటే పేరు తప్పు లేదా డీఎన్‌ఎస్, దాని మీద ఎక్కువ చెప్పేది లేదు.

"కాంటెక్స్ట్ డెడ్‌లైన్ ఎక్సీడెడ్" అని వస్తే మాత్రం ఆగి ఆలోచించండి. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, రెండింటికీ సంబంధం లేదు. ఒకటి, ఫైర్‌వాల్ మన ప్యాకెట్లను మాట్లాడకుండా పారేస్తోంది, కాదని కూడా చెప్పట్లేదు. రెండోది, ఎక్స్‌పోర్టర్ బతికే ఉంది కానీ జవాబు ఇవ్వడానికి చాలాసేపు తీసుకుంటోంది. మార్చకపోతే ప్రొమిథియస్ పది సెకన్లే ఆగుతుంది. ఎవరో ఒకాయన ఎక్స్‌పోర్టర్‌లో సొంత క్వెరీ పెట్టి, ప్రతి టేబుల్ సైజూ లెక్కపెట్టమన్నాడనుకోండి, టేబుళ్లు వందల్లో ఉన్నప్పుడు బాగానే నడిచింది, వేలల్లోకి వెళ్లాక పది సెకన్లు దాటింది. అప్పుడు ఆ ఒక్క క్వెరీ వల్ల మిగతా అంకెలన్నీ కూడా పోతాయి. రెండింటిలో ఏదో తేల్చుకోవడం తేలిక. కర్ల్‌కు ముందు టైమ్ అని పెట్టి కొట్టండి. పదిహేను సెకన్లకైనా జవాబు వచ్చిందంటే ఫైర్‌వాల్ కాదు, క్వెరీ. అలాంటి బరువైన క్వెరీలను వేరే ఎక్స్‌పోర్టర్‌గా, వేరే జాబ్‌గా పెట్టి, అయిదు నిమిషాలకు ఒకసారి అడగమనండి. టైమౌట్ పెంచి ఊరుకోకండి. పైగా టైమౌట్ అనేది స్క్రేప్ ఇంటర్వెల్ కంటే, అంటే ఎంతసేపటికోసారి వెళ్లి చదవాలో ఆ వ్యవధి కంటే, ఎక్కువ పెడితే ప్రొమిథియస్ ఒప్పుకోదు కూడా.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటుకు వస్తున్నాను. టార్గెట్స్ పేజీలో అంతా పచ్చగా ఉంది, "అప్" అనే మెట్రిక్, అంటే కొలిచి పెట్టిన అంకె, 1 అని చూపిస్తోంది. డేటాబేస్ బతికి ఉన్నట్టేనా?

కాదండీ. అప్ ఒకటి అంటే ప్రొమిథియస్ ఎక్స్‌పోర్టర్‌తో మాట్లాడగలిగింది అని మాత్రమే అర్థం. ఎక్స్‌పోర్టర్ డేటాబేస్‌తో మాట్లాడగలిగిందా లేదా అనేది వేరే మెట్రిక్, "పీజీ అప్". సెక్యూరిటీ వాళ్లు శుక్రవారం సాయంత్రం పాస్‌వర్డులన్నీ మార్చారు, ఎక్స్‌పోర్టర్ పాస్‌వర్డు మార్చడం మర్చిపోయారు అనుకోండి. ఎక్స్‌పోర్టర్ బ్రహ్మాండంగా నడుస్తూ ఉంటుంది, వెబ్ పేజీ ఇస్తూ ఉంటుంది, అందులో పీజీ అప్ సున్నా అని రాసి ఉంటుంది. మీ డ్యాష్‌బోర్డులో పెద్ద పచ్చ డబ్బా అప్ మీద కట్టి ఉంటే, శనివారం ఆదివారం అంతా అది పచ్చగానే ఉంటుంది. అందుకని నేను ఏ టీముకు వెళ్లినా మొదట అడిగేది, ఆ పచ్చ డబ్బా ఏ మెట్రిక్ మీద కట్టారు అని.

పీజీ అప్ సున్నా అయితే ఎక్స్‌పోర్టర్ లాగ్ చూడండి, కారణం అందులో మాటల్లోనే ఉంటుంది. ఎస్‌ఎస్‌ఎల్ సర్వర్‌లో ఎనేబుల్ కాలేదు అంటుంది, అప్పుడు కనెక్షన్ స్ట్రింగ్‌లో ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ సంగతి చూడాలి. పీజీ హెచ్‌బీఏ ఫైల్‌లో ఎంట్రీ లేదంటుంది, అంటే ఆ యూజర్ ఆ ఐపీ నుంచి రావడానికి మనం అనుమతి ఇవ్వలేదు. ఇంకొకటి, పాస్‌వర్డులో అట్ గుర్తు ఉంటే కనెక్షన్ స్ట్రింగ్ అక్కడే విరిగిపోవచ్చు, ఎందుకంటే యూఆర్‌ఎల్‌లో అట్ గుర్తు తర్వాత వచ్చేది హోస్ట్ పేరు అనుకోవచ్చు. దాన్ని పర్సెంట్ 40 అని రాయాలి. పాస్‌వర్డు సరైనదే, పీఎస్‌క్యూఎల్‌లో టైప్ చేస్తే లోపలికి పోతోంది, ఎక్స్‌పోర్టర్‌తో పోవట్లేదు, మనిషికి పిచ్చెక్కుతుంది. ముందు ఈ అట్ గుర్తు చూసుకోండి.

కనెక్షన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ మార్చకపోతే 100. అందులో మూడు సూపర్‌యూజర్ల కోసం పక్కన పెట్టి ఉంటాయి. అప్లికేషన్ మొత్తం 97 తినేసిన రోజున ఎక్స్‌పోర్టర్ కూడా లోపలికి పోలేదు. ఏ రోజు మనకు గ్రాఫ్ అవసరమో సరిగ్గా ఆ రోజే గ్రాఫ్ ఉండదు. దీనికి విరుగుడుగా చాలామంది ఎక్స్‌పోర్టర్‌కు సూపర్‌యూజర్ ఇచ్చేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, అంకెలు చదివే ప్రోగ్రాంకు ఇంటి తాళాలన్నీ ఎందుకు? పోస్ట్‌గ్రెస్ 16 నుంచి రిజర్వ్‌డ్ కనెక్షన్స్ అనే సెట్టింగ్ వచ్చింది, దాంతోపాటు ఆ కనెక్షన్లు వాడుకునే హక్కు ఇచ్చే రోల్ కూడా. సెట్టింగ్ మొదట సున్నాగా ఉంటుంది, రెండో మూడో పెట్టి సర్వర్ రీస్టార్ట్ చేసి, ఆ రోల్ మానిటరింగ్ యూజర్‌కు ఇవ్వండి. చదివే హక్కులకు పీజీ మానిటర్ రోల్ సరిపోతుంది, అది పోస్ట్‌గ్రెస్ 10 నుంచే ఉంది. పీజీ మానిటర్ ఇవ్వకపోతే వేరేవాళ్ల క్వెరీల చోట "ఇన్‌సఫిషియెంట్ ప్రివిలేజ్" అని కనిపిస్తుంది, కొన్ని అంకెలు వస్తాయి, కొన్ని రావు. ఈ సగం సగం రావడమే మనల్ని ఎక్కువ తిప్పలు పెడుతుంది, ఎందుకంటే కొంత వస్తోంది కాబట్టి పర్మిషన్ మీద అనుమానమే రాదు.

వర్షన్ మార్చినప్పుడు కూడా ఇలాంటి సగం సగమే. పోస్ట్‌గ్రెస్ 13లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌లో టోటల్ టైమ్ అనే కాలమ్ పేరు టోటల్ ఎగ్జిక్ టైమ్ అయింది. 17లో చెక్‌పాయింట్ల లెక్కలు బీజీ రైటర్ వ్యూ నుంచి తీసి చెక్‌పాయింటర్ అనే కొత్త వ్యూలో పెట్టారు. డేటాబేస్ అప్‌గ్రేడ్ చేసి ఎక్స్‌పోర్టర్‌ను పాతదే ఉంచేస్తే ఆ ప్యానెళ్లు ఖాళీ అవుతాయి. అప్‌గ్రేడ్ ప్లాన్‌లో ఎక్స్‌పోర్టర్‌కు కూడా ఒక లైన్ రాసుకోండి.

ఇప్పుడు కింది సగం. కర్ల్‌కు అంకెలు వస్తున్నాయి, ప్రొమిథియస్‌లో అడిగితే కూడా ఇస్తోంది, గ్రాఫానాలో మాత్రం కొన్ని ప్యానెళ్లు ఖాళీ. కనెక్షన్ల సంఖ్య కనిపిస్తోంది, సెకనుకు ఎన్ని ట్రాన్సాక్షన్లు అనేది కనిపించట్లేదు. ఇది వినగానే మీకు తట్టాల్సింది రేట్.

ట్రాన్సాక్షన్ల లెక్క ఒక కౌంటర్, బైకు కిలోమీటర్ల మీటరులాగా పెరుగుతూనే పోతుంది. వేగం కావాలంటే రెండు సార్లు రీడింగ్ తీసి తేడా చూడాలి, ఒక్క రీడింగుతో వేగం చెప్పలేం. రేట్ ఫంక్షన్ కూడా అంతే, ఇచ్చిన కిటికీలో, అంటే వెనక్కి చూడమన్న వ్యవధిలో, కనీసం రెండు రీడింగులు ఉంటేనే జవాబు ఇస్తుంది. ప్రొమిథియస్‌లో మార్చకపోతే స్క్రేప్ ఇంటర్వెల్ ఒక నిమిషం. మీరు రేట్‌కు ఒక నిమిషం కిటికీ ఇచ్చారనుకోండి, అందులో పడేది ఒకటే రీడింగ్. ఖాళీ.

దీనికి మందుగా గ్రాఫానా 7.2లో రేట్ ఇంటర్వెల్ అనే వేరియబుల్ పెట్టారు. స్క్రేప్ ఇంటర్వెల్‌కు కనీసం నాలుగు రెట్ల కిటికీ తనే తీసుకుంటుంది. బాగుంది కదా. అయినా ఖాళీ వస్తుంది. ఎందుకు? గ్రాఫానాకు మీ స్క్రేప్ ఇంటర్వెల్ ఎంతో ఎలా తెలుసు? తెలియదు. డేటా సోర్స్ సెట్టింగుల్లో మనం రాయాలి. రాయకపోతే 15 సెకన్లు అనుకుంటుంది. నాలుగు పదిహేనులు అరవై. అరవై సెకన్ల కిటికీ, నిమిషానికి ఒక రీడింగ్, మళ్లీ అదే ఒక్కటి. డేటా సోర్స్ పేజీకి వెళ్లి ఆ డబ్బాలో 60 సెకన్లు అని రాయండి, కిటికీ 240 సెకన్లు అవుతుంది, గీత వచ్చేస్తుంది. నేను ఇది తెలుసుకోకముందు ఇదే ప్యానెల్ మీద రెండు రోజులు కూర్చున్నాను, అందుకే ఇంత విడమర్చి చెబుతున్నాను. ఇంకో సంగతి, 2024 చివర్లో వచ్చిన ప్రొమిథియస్ 3లో కిటికీ ఎడమ అంచు మీద సరిగ్గా పడిన రీడింగ్‌ను లెక్కలోకి తీసుకోవడం మానేశారు. పాత వర్షన్‌లో అంచులు కలిసినప్పుడు రెండు రీడింగులు పడి ఎలాగో నెట్టుకొచ్చిన ప్యానెళ్లు, అప్‌గ్రేడ్ తర్వాత ఖాళీ అయిపోయాయి. అప్‌గ్రేడ్ పాడుచేసిందనుకుని వెనక్కి పోకండి, కిటికీ పెంచండి.

ఇంపోర్ట్ చేసిన డ్యాష్‌బోర్డుల గురించి రెండు ముక్కలు. నోడ్ ఎక్స్‌పోర్టర్‌కు 1860, పోస్ట్‌గ్రెస్‌కు 9628, అందరూ ఇవే దింపుకుంటారు, మంచివే. కానీ అవి ఎవరో తమ లేబుళ్లతో, అంటే ప్రతి అంకెకూ తగిలించే గుర్తింపు పేర్లతో, కట్టుకున్నవి. మీ జాబ్ పేరు, ఇన్‌స్టెన్స్ పేరు వేరేగా ఉంటే పైన డ్రాప్‌డౌన్ ఖాళీగా ఉంటుంది, కింద అన్నీ నో డేటా. ఒక ప్యానెల్ తెరిచి, అందులో క్వెరీని కాపీ చేసి, ప్రొమిథియస్‌లో పెట్టి, బ్రాకెట్లలో ఉన్న లేబుళ్లను ఒక్కొక్కటే తీసేస్తూ నడపండి. ఏ లేబుల్ తీసేస్తే అంకె వచ్చిందో తప్పు దానిలోనే.

టైమ్ జోన్ కూడా చూసుకోండి. ప్రొమిథియస్ అంతా యూటీసీలో లెక్కేస్తుంది, అది మన టైమ్ కంటే అయిదున్నర గంటలు వెనక. అలర్ట్ రూల్‌లో అవర్ ఫంక్షన్ పెట్టి రాత్రి రెండు గంటలకు బ్యాకప్ నడుస్తుంది కాబట్టి అప్పుడు మోగొద్దు అని రాస్తే, అది మన ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నోరు మూసుకుంటుంది, రాత్రి రెండింటికి శుభ్రంగా మోగుతుంది.

ఇప్పుడు నో డేటాకూ సున్నాకూ తేడా. లోపాలు సున్నా అంటే సంతోషించాలి. లోపాల లెక్కే రావట్లేదంటే భయపడాలి. కానీ ప్యానెల్‌లో నో డేటా అని కనిపిస్తే మేనేజర్ గారికి బాగుండదని, క్వెరీ చివర "ఆర్ వెక్టర్ సున్నా" అని, అంటే అంకె లేకపోతే సున్నా చూపించు అని తగిలిస్తాం. అంతే, రెండూ ఒకటైపోయాయి. అలర్ట్ కూడా ఇంతే. పీజీ అప్ సున్నా అయితే మోగించు అని రూల్ రాశాం. ఎక్స్‌పోర్టర్ చచ్చిపోయింది. ఇప్పుడు పీజీ అప్ సున్నా కాదు, అసలు లేదు. లేనిది సున్నాకు సమానం కాదు కాబట్టి రూల్ మాట్లాడదు. అందుకని ప్రతి ముఖ్యమైన మెట్రిక్‌కూ ఆబ్సెంట్ అనే ఫంక్షన్‌తో ఇంకో రూల్ రాయాలి, ఫలానా అంకె కనిపించకపోతే మోగించు అని. గ్రాఫానా అలర్టులు వాడేవాళ్లు అయితే, నో డేటా వచ్చినప్పుడు ఏం చేయాలి అనే సెట్టింగ్ ఉంటుంది, గోల ఎక్కువైందని దాన్ని నార్మల్ అని పెట్టేసి ఉంటారు. ఇవాళ ఇంటికెళ్లి అది ఒక్కటి చూడండి.

ఖాళీ గ్రాఫ్ కంటే ప్రమాదమైనది ఇంకొకటి ఉంది, అది పాత అంకె. నాకు జరిగింది చెబుతాను. కంపెనీ పేరు వద్దు. అక్కడ బ్యాకప్ స్క్రిప్టు రోజూ రాత్రి క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకు పనులు నడిపే ప్రోగ్రాంలో, నడిచేది. అయిపోయాక ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ రాసేది, స్టేటస్ ఒకటి, సైజు ఇంత అని. నోడ్ ఎక్స్‌పోర్టర్‌కు టెక్స్ట్‌ఫైల్ కలెక్టర్ అని ఉంటుంది, ఒక ఫోల్డర్‌లో ఉన్న అలాంటి ఫైళ్లు చదివి ప్రొమిథియస్‌కు ఇస్తుంది. డ్యాష్‌బోర్డు మూలన పచ్చ డబ్బా, బ్యాకప్ ఓకే, కింద 212 జీబీ.

ఒక రోజు మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి టీ తాగుతూ ఆ స్క్రీన్ వైపు చూసి, "అన్నా, మన డేటాబేస్ రోజూ పెరుగుతుంది కదా, మరి బ్యాకప్ సైజు నేను చేరిన రోజు కూడా 212 ఏ, ఇవాళ కూడా 212 ఏ ఏంటి?" అన్నాడు. నా చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. వెంటనే సర్వర్‌లోకి వెళ్లి ఆ ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొట్టాం. ఫైల్ మీద తేదీ 19 రోజుల కిందటిది. క్రాన్ లాగ్ తీస్తే, బ్యాకప్ యూజర్ పాస్‌వర్డు గడువు అయిపోయింది, ఆ యూజర్ పేరు మీద ఏ జాబూ నడపను అని ప్రతి రాత్రీ ఒక లైన్, 19 లైన్లు. స్క్రిప్టు మొదలే కావట్లేదు, అందుకే ఫెయిల్ అయ్యానని రాయడానికి కూడా అది లేదు. పాత ఫైల్ మాత్రం అక్కడే ఉంది. ఎక్స్‌పోర్టర్ దాన్ని ప్రతి నిమిషం చదివి, స్టేటస్ ఒకటి, స్టేటస్ ఒకటి అని చెబుతూనే ఉంది. ఎక్కడా అబద్ధం లేదు, ఫైల్‌లో ఉన్నదే చెప్పింది.

మా అదృష్టం, ఆ 19 రోజుల్లో డిస్కు పోలేదు. ఆ సాయంత్రం బ్యాకప్ చేతితో నడిపించి, పూర్తయ్యేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. తర్వాత స్క్రిప్టు మార్చాం. ఇప్పుడు అది స్టేటస్ రాయదు, చివరిసారి బ్యాకప్ విజయవంతంగా అయిన సమయం రాస్తుంది. ప్రొమిథియస్‌లో ఇప్పటి సమయం నుంచి ఆ సమయం తీసేసి, 26 గంటలు దాటితే మోగమన్నాం. స్క్రిప్టు నడవకపోయినా, క్రాన్ చచ్చినా, ఫైల్ పాతబడిపోయినా గడియారం మాత్రం ముందుకు నడుస్తూనే ఉంటుంది కాబట్టి అలర్ట్ మోగి తీరుతుంది. పుష్‌గేట్‌వే, అంటే స్క్రిప్టులు తమ అంకెలు వదిలిపెడితే ప్రొమిథియస్ వచ్చి చదువుకునే చోటు, వాడేవాళ్లకు కూడా ఇదే జాగ్రత్త, దానికి ఒకసారి ఇచ్చిన అంకెను మనం తీసేసేదాకా అది అలాగే చూపిస్తుంది.

పెద్ద పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే ఆ సైట్‌లో, జరిగింది వాళ్లే దాచకుండా రాసి పెట్టారు, ఆ నిజాయితీకి నాకు వాళ్లంటే చాలా గౌరవం. ఒక ఇంజినీర్ రెప్లికాలో, అంటే నకలు సర్వర్‌లో, డేటా ఫోల్డర్ తీసేయబోయి ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో, తీసేశాడు, తెలిసి ఆపేలోపు సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సరే బ్యాకప్ ఉంది కదా అని చూస్తే బ్యాకప్‌లు దాచే అమెజాన్ ఎస్3లో ఏమీ లేదు. డేటాబేస్ 9.6, బ్యాకప్ తీసే పీజీ డంప్ మాత్రం 9.2 వర్షన్ నడుస్తోంది, అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఆగిపోతోందని మెయిల్ వెళ్తోందా అంటే వెళ్తోంది, కానీ దొంగ మెయిళ్లను ఆపే డీమార్క్ అనే పద్ధతి వల్ల ఆ మెయిళ్లను అవతల సర్వర్ తిరస్కరిస్తోంది. ఎవరికీ చేరలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో చేతితో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల డేటా పోయింది. చూడండి, బ్యాకప్ ఉంది, చెకింగ్ ఉంది, మెయిల్ ఉంది, చివరి బోదెలో అడ్డం పడింది. మన అలర్ట్ అనేది ఫోన్ మోగేదాకా అలర్ట్ కాదు.

ఇక ప్రశ్నలు అడగండి.

ఆ మూలన అమ్మాయి అడుగుతున్నారు, "సార్, మా రెప్లికా ల్యాగ్, అంటే ప్రైమరీ కంటే ఎంత వెనకబడిందో ఆ అంకె, రాత్రి పన్నెండు నుంచి పెరుగుతూ పోతుంది, తెల్లవారాక దానంతట అదే పడిపోతుంది, నెట్‌వర్క్ టీముతో రోజూ గొడవ." మంచి ప్రశ్న అమ్మా. రాత్రి మీ అప్లికేషన్‌లో రైట్లు ఉంటాయా? ఉండవంటున్నారు. అయితే నెట్‌వర్క్ వాళ్లను వదిలేయండి. మీ క్వెరీ ఇప్పటి సమయం నుంచి చివరి ట్రాన్సాక్షన్ రీప్లే అయిన సమయం తీసేస్తోంది. ప్రైమరీలో రాసేవాళ్లే లేకపోతే రీప్లే చేయడానికి రెప్లికాకు ఏముంటుంది? చివరి సమయం అక్కడే ఆగి ఉంటుంది, తేడా పెరుగుతూ పోతుంది. పొద్దున్నే మొదటి ఆర్డర్ రాగానే పడిపోతుంది. రెప్లికా తనకు చేరినదంతా రీప్లే చేసేసిందా అని ముందు చూసి, చేసేసి ఉంటే ల్యాగ్ సున్నా అని తీసుకునేలా క్వెరీ మార్చండి. అయితే దానికో చిక్కుంది. రెప్లికాకు అసలు కనెక్షనే తెగిపోతే చేరినదంతా రీప్లే అయిపోయినట్టే కనిపిస్తుంది, ల్యాగ్ సున్నా అంటుంది. కాబట్టి ప్రైమరీ వైపు పీజీ స్టాట్ రెప్లికేషన్‌లో ఆ రెప్లికా పేరు ఉందో లేదో చూసే రూల్ ఇంకొకటి తప్పకుండా పెట్టండి.

ఇంకొకరు, డిస్కు ఇంకా అయిదు శాతం ఖాళీ అని గ్రాఫ్ చూపిస్తుండగానే పోస్ట్‌గ్రెస్ డిస్కు నిండిందని ఆగిపోయిందట. మీరు ఫ్రీ బైట్స్ అనే మెట్రిక్ వాడి ఉంటారు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా అయిదు శాతం రూట్ యూజర్ కోసం అట్టిపెడుతుంది, ఫ్రీ అనేది దాన్ని కూడా కలిపి చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ రూట్ కాదు, దానికి ఆ అయిదు శాతం అందదు. అవెయిల్ బైట్స్ అని ఉంటుంది, అది వాడండి. డిస్కు ఎందుకు నిండిందో కూడా చూశారా? పీజీ వాల్ ఫోల్డరా, అంటే పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే చోటా? అయితే ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ ఉందేమో వెతకండి, పాత రెప్లికాను తీసేసినా స్లాట్ తీసేయకపోతే ఆ రెప్లికా వస్తుందేమోనని పోస్ట్‌గ్రెస్ వాల్ ఫైళ్లు దాస్తూనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి స్లాట్ ఎంత దాయొచ్చో హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది, మొదట హద్దు లేకుండా ఉంటుంది, పెట్టుకోండి.

"ప్రొమిథియస్సే చచ్చిపోతే ఎవరు చెబుతారు సార్?" ఇది ఎవరైనా అడుగుతారా అనే చూస్తున్నాను. ఎప్పుడూ నిజమే అయ్యే ఒక రూల్ రాయండి, వాచ్‌డాగ్ అంటారు. అది అలర్ట్‌మేనేజర్ ద్వారా బయట ఉన్న వేరే సర్వీసుకు నిమిషానికోసారో అయిదు నిమిషాలకోసారో ఉన్నాను, ఉన్నాను అని చెబుతూ ఉంటుంది. ఆ మాట ఆగిపోయిన రోజు ఆ బయటి సర్వీసు మీకు ఫోన్ చేస్తుంది. అది తప్పకుండా వేరే మెషిన్‌లో, వీలైతే వేరే నెట్‌వర్క్‌లో ఉండాలి.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఒక పని అప్పగించి దిగుతాను. సోమవారం పగటిపూట, టీముకు ముందే చెప్పి, టెస్ట్ సర్వర్‌లో ఎక్స్‌పోర్టర్ ఆపేయండి. సమయం కాగితం మీద రాసుకోండి. ఎవరి ఫోన్ మోగింది, ఎన్ని నిమిషాలకు మోగింది అనేది కూడా దాని పక్కనే రాయండి. తర్వాత దాన్ని స్టార్ట్ చేసి, ఈసారి మానిటరింగ్ యూజర్ పాస్‌వర్డు మార్చి చూడండి. మళ్లీ రాయండి. ఫోన్ మోగకపోతే అక్కడి నుంచి పైకి నడవడం మొదలుపెట్టండి.